పాత బ్రెస్ట్ ఇంప్లాంట్లపై ముడతలు తేలుతుంటే: ఏ దారి ఎవరికి నప్పుతుంది?

ఇంప్లాంట్ పెట్టించుకుని పది పదిహేనేళ్లు దాటాక రొమ్ము చర్మం మీద అలల్లా ముడతలు తేలడం మామూలే. వంగినప్పుడు పక్కవైపు గీతలు పడతాయి. బ్లౌజు మెడ కాస్త కిందికి ఉంటే పైభాగంలో నిలువు చారలు కనిపిస్తాయి. స్నానం చేసేటప్పుడు అడుగున ఇంప్లాంట్ అంచు వేళ్లకు తగులుతుంది. డాక్టర్లు దీన్ని రిప్లింగ్ అంటారు.

చెన్నైలో ముగ్గురు ప్లాస్టిక్ సర్జన్లకు చూపిస్తే మూడు సలహాలు రావచ్చు. కొవ్వు ఎక్కిద్దామని ఒకరు, ఇంప్లాంట్ మార్చాలని ఒకరు, తీసేయించుకోవడమే మేలని ఇంకొకరు చెబుతారు. ముడత చూడటానికి ఒకేలా ఉన్నా దాని వెనక కారణాలు వేరు కాబట్టి ముగ్గురి మాటలోనూ నిజం ఉండొచ్చు. కారణం తేలకముందే ఆపరేషన్ ఖాయం చేసుకుంటే మాత్రం డబ్బు ఖర్చయి ముడత అలాగే మిగిలిపోతుంది.

ముడత ఎక్కడ, ఎప్పుడు కనిపిస్తోంది?

పగటి వెలుగు పక్కనుంచి పడేలా అద్దం ముందు నిలబడండి. ముందు నిటారుగా చూసుకోండి. తర్వాత నడుము దగ్గర వంగి, ఆ తర్వాత రెండు అరచేతులూ ఛాతీ ముందు గట్టిగా ఒత్తి చూడండి. చివరగా వెల్లకిలా పడుకుని చూడండి. ఒక్కో భంగిమలో ముడత ఎక్కడ వస్తోందో రాసుకోండి, వీలైతే ఫొటో తీసుకోండి. సర్జన్ గదిలో ఏసీ చలికి, కంగారుకు ఇవేవీ సరిగ్గా గుర్తుండవు.

వంగినప్పుడు మాత్రమే పక్కన, అడుగున ముడతలు వస్తే చాలావరకు పైన కప్పు పల్చబడినట్టే. కప్పు అంటే చర్మం, కొవ్వు, పాలగ్రంథి కలిసిన మందం. బిడ్డలకు పాలిచ్చాక, బాగా బరువు తగ్గాక, నెలసరి ఆగిపోయాక ఈ మందం తరిగిపోతుంది. ఎప్పటినుంచో లోపలున్న ఇంప్లాంట్ ఒత్తిడి కూడా దాన్ని పల్చబరుస్తుంది. నిటారుగా నిలబడినప్పుడే పైభాగంలో నిలువు ముడతలు కనిపిస్తుంటే, గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్, తన చుట్టూ శరీరం కట్టిన పొరకు అతుక్కుని తన బరువుతో చర్మాన్ని కిందికి లాగుతోందేమో చూడాలి. అరచేతులు ఒత్తినప్పుడు రొమ్ము వంకరపోతే ఇంప్లాంట్ కండరం కింద ఉందని అర్థం.

ఒక్కవైపే, కొద్ది వారాల్లోనే మొదలైన ముడత వేరే సంగతి. ఉప్పునీరు నింపిన సెలైన్ ఇంప్లాంట్ కారితే కొద్ది రోజుల్లోనే రొమ్ము చిన్నదైపోతుంది కాబట్టి అది దాగదు. సిలికాన్ జెల్ నింపినది చిరిగితే తరచు నొప్పీ ఉండదు, ఆకారమూ మారదు. అలాంటప్పుడు బయట కనిపించే ఆనవాలు ఆ కొత్త ముడత ఒక్కటే కావచ్చు.

పరీక్ష గదిలో సర్జన్ రొమ్ము పైభాగంలో చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలుతో పట్టి కాలిపర్‌తో కొలుస్తారు. ఆ మందం 2 సెం.మీ. కంటే తక్కువైతే గ్రంథి కింద పెట్టిన ఇంప్లాంట్ అంచు బయటపడే అవకాశం ఎక్కువ. ఈ కొలత తీయకుండానే ప్యాకేజీ గురించి మాట్లాడే చోట మీరు ఇంకో అభిప్రాయం తీసుకోవాల్సిందే.

స్కాన్ కాకుండా అడ్వాన్స్ కట్టకండి

సిలికాన్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లు ఏ ఇబ్బందీ లేకపోయినా ఆపరేషన్ అయిన 5–6 ఏళ్లకు మొదటి అల్ట్రాసౌండ్ లేదా ఎంఆర్‌ఐ, ఆ తర్వాత 2–3 ఏళ్లకోసారి మళ్లీ చేయించుకోవాలని అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో సూచించింది. మన దగ్గర పదేళ్లయినా ఒక్క స్కానూ చేయించుకోని వాళ్లు చాలామంది ఉంటారు. ముడతల కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లడం ఆ పని పూర్తిచేసుకోవడానికి మంచి అవకాశం.

చిరుగు పట్టుకోవడంలో ఎంఆర్‌ఐ మీద ఎక్కువ భరోసా పెట్టుకోవచ్చు. చీటీ మీద ఇంప్లాంట్ చెక్కుచెదరకుండా ఉందో లేదో చూడాలని స్పష్టంగా రాయించుకోండి. ఒట్టి బ్రెస్ట్ ఎంఆర్‌ఐ అని రాస్తే స్కాన్ సెంటర్ వాళ్లు క్యాన్సర్ కోసం చేసే పద్ధతిలో చేసేస్తారు. చిరుగు చూడటానికి కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అవసరం లేదు. మామోగ్రామ్‌లో, అంటే రొమ్ము ఎక్స్‌రేలో, ఇంప్లాంట్ లోపలి చిరుగు దొరకదు. అయినా 40 దాటినవాళ్లు ఆపరేషన్‌కు ముందు మామోగ్రామ్ చేయించుకోవాలి. ఆపరేషన్ తర్వాత వచ్చే మచ్చలను, సున్నపు చుక్కలను పోల్చి చూడటానికి ఆ పాత ఫిల్మ్ పనికొస్తుంది. టెక్నీషియన్‌కు ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పండి. దాన్ని వెనక్కి నెట్టి అదనపు ఫిల్ములు తీస్తారు.

పాత ఆపరేషన్ కాగితాలు వెతికి తీయండి. అందులో కంపెనీ పేరు, సైజు, పైపొర నునుపా గరుకా అన్నది ఉంటుంది. అమెరికాలో 1992 నుంచి 2006 నవంబరు వరకు అందం కోసం సిలికాన్ జెల్ వాడకంపై ఆంక్షలుండేవి. ఆ కాలంలో అక్కడ ఆపరేషన్ చేయించుకుని వచ్చినవాళ్లకు సెలైన్ ఉండే అవకాశమే ఎక్కువ. ఫ్రాన్స్ కంపెనీ పీఐపీ నాసిరకం సిలికాన్ వాడిందని తేలి 2010లో దాని అమ్మకాలు ఆగిపోయాయి. మీ కాగితంలో ఆ పేరుంటే ముడతల సంగతి పక్కనపెట్టి ముందు చిరుగు కోసం చూడాలి. అలర్గాన్ కంపెనీ బయోసెల్ రకం గరుకు ఇంప్లాంట్లను బీఐఏ-ఏఎల్‌సీఎల్ అనే అరుదైన లింఫోమాతో (ఇంప్లాంట్ చుట్టూ వచ్చే రక్తకణాల క్యాన్సర్) ఉన్న సంబంధం వల్ల 2019 జులైలో వెనక్కి తీసుకున్నారు. ఏ లక్షణమూ లేనివాళ్లు దానికోసమే ఆపరేషన్ చేయించుకోనక్కర్లేదని ఎఫ్‌డీఏ చెప్పింది. కానీ ముడతల కోసం ఎలాగూ ఆపరేషన్ బల్ల ఎక్కుతున్నప్పుడు ఆ గరుకు ఇంప్లాంట్‌ను లోపలే ఉంచేయడంలో అర్థం లేదు. పెట్టించుకున్న ఏళ్ల తర్వాత ఒకవైపు రొమ్ము హఠాత్తుగా వాచి నీరు చేరితే ఆ నీటిని తీసి ఆ లింఫోమా ఆనవాలు చూసే సీడీ30 పరీక్షకు పంపాలి. అది తేలేవరకు ముడతల మరమ్మతు జోలికి వెళ్లకూడదు.

కొవ్వు ఎక్కించడం

ఇంప్లాంట్ బాగానే ఉండి, కప్పు మాత్రమే పల్చబడినవాళ్లకు ఇది మంచి దారి. పొట్ట నుంచో తొడల నుంచో కొవ్వు తీసి, ముడత పడే చోట చర్మానికీ ఇంప్లాంట్ పొరకూ మధ్య సన్నటి పోగుల్లా పరుస్తారు.

తీయబోయే చోట ముందు సెలైన్‌లో అడ్రినలిన్, మత్తుమందు కలిపి ఎక్కిస్తారు. తర్వాత తక్కువ ఒత్తిడితో కొవ్వును సిరంజిలోకి లాగుతారు. ఆ సిరంజిని నిలబెట్టినా, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినా లోపలిది మూడు పొరలుగా విడిపోతుంది. పైన పసుపుపచ్చ నూనె, అడుగున ఎర్రటి నీరు, మధ్యలో పనికొచ్చే కొవ్వు. నూనెనూ నీటినీ పారబోయకుండా ఎక్కిస్తే ఆ రోజు రొమ్ము నిండుగానే కనిపిస్తుంది కానీ తర్వాత గడ్డలు మిగులుతాయి. మొన లేని సన్నటి కాన్యులా గొట్టంతో, వెనక్కి లాగుతూ, ఒక్కో గీతలో చాలా కొంచెం చొప్పున వదలాలి. మొనదేలిన సూది వాడితే ఇంప్లాంట్‌కే చిల్లు పడొచ్చు.

ముడతలు కప్పడానికి ఒక్కోవైపు సాధారణంగా 50 నుంచి 150 మి.లీ. శుద్ధి చేసిన కొవ్వు పడుతుంది. దానికోసం శరీరం నుంచి తీయాల్సింది అంతకు రెట్టింపుదాకా ఉంటుంది. ఎక్కించినదంతా నిలవదు. సుమారు సగం నుంచి మూడింట రెండొంతులు మిగిలితే మంచి ఫలితమే. ఎంత నిలిచిందో తెలియడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది. అందుకే రెండోసారి ఎక్కించాల్సి రావచ్చని మొదటిరోజే చెప్పే సర్జన్‌ను నమ్మండి. ఒకే విడతలో కావాలని బలవంతపెడితే పల్చటి చర్మం కింద ఒత్తిడి పెరిగి రక్తం అందక కొవ్వు చచ్చిపోతుంది. అది గట్టి ఉండగానో నూనె తిత్తిగానో మారుతుంది, మామోగ్రామ్‌లో సున్నపు చుక్కలుగా కనిపించి ముక్క తీసి చూసే బయాప్సీకి దారితీస్తుంది.

ఒంట్లో తీయడానికి కొవ్వే లేని సన్నటివాళ్లకు ఇది కుదరదు. ముడతలు ఎక్కువగా వచ్చేది కూడా వాళ్లకే, అదే ఇందులో చిక్కు. రేడియేషన్ తీసుకున్న రొమ్ములో కొవ్వు తక్కువగా అంటుకుంటుంది. ఎక్కించిన తర్వాత 5–6 కిలోలు తగ్గితే రొమ్ములోని కొవ్వూ తగ్గుతుంది. బరువు తగ్గే ఆలోచన ఉంటే ముందు అది పూర్తిచేసుకుని తర్వాత రండి.

పది పదిహేనేళ్ల ఇంప్లాంట్ మీద కొవ్వు ఒక్కటే ఎక్కించి పంపేయడాన్ని మేం సమర్థించలేం. నాలుగైదేళ్లలో ఆ ఇంప్లాంట్‌నే మార్చాల్సి వస్తే మళ్లీ మత్తు, మళ్లీ కోత, మళ్లీ ఖర్చు. ఇంప్లాంట్ మార్పుతో కలిపి చేసినప్పుడు కొవ్వుకు పూర్తి విలువ దక్కుతుంది.

ఇంప్లాంట్ మార్చడం

సెలైన్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు ఎక్కువ తేడా తెచ్చేది ఇదే. సెలైన్ సంచి సగం ఖాళీ అయిన పాల ప్యాకెట్‌లా అంచుల దగ్గర మడత పడుతుంది. అందులో ఇంకాస్త సెలైన్ నింపితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ప్రతి మోడల్‌కూ కంపెనీ ఇచ్చిన కనిష్ఠ, గరిష్ఠ కొలతలుంటాయి. గరిష్ఠం దాటితే రొమ్ము బంతిలా గట్టిపడుతుంది, అంచు చుట్టూ గవ్వ అంచులాంటి కొత్త ముడతలు వస్తాయి. నింపడానికైనా మళ్లీ కోయాల్సిందే కాబట్టి ఆ కోతతోనే సిలికాన్ జెల్‌కు మారడం మేలు.

పాత సిలికాన్ నుంచి కొత్త సిలికాన్‌కు మారేవాళ్లు రెండు విషయాలు అడగాలి. జెల్ ఎంత చిక్కనిది? షెల్ అనే బయటి సంచి లోపల ఎంత నిండుగా ఉంది? చిక్కటి జెల్ తక్కువ మడతపడుతుంది. బదులుగా చేతికి కాస్త గట్టిగా తగులుతుంది. పరీక్ష గదిలో రెండు రకాల నమూనాలూ అరచేతిలో పెట్టుకుని, అంచు పట్టి పైకెత్తి చూడండి. పైభాగం ఖాళీగా ముడుచుకుపోయేదేదో, ఆకారం నిలుపుకునేదేదో అక్కడికక్కడే తెలుస్తుంది.

సైజు తగ్గించుకోవడం ముడతలకు మంచి మందు. ఇంప్లాంట్ అడుగు వెడల్పు మీ రొమ్ము వెడల్పు కంటే ఎక్కువైతే పక్క అంచు చంక వైపు పల్చటి చర్మం కిందికి వచ్చేస్తుంది. వెడల్పు తగ్గితే ఆ అంచు మళ్లీ మందమైన కప్పు కిందికి చేరుతుంది. అయితే పాత పెద్ద ఇంప్లాంట్ వల్ల లోపలి జాగా సాగిపోయి ఉంటుంది. చిన్న ఇంప్లాంట్‌ను అందులో వదిలేస్తే పడుకున్నప్పుడు చంక వైపు జారిపోతుంది. పక్కన, అడుగున లోపలి కుట్లు వేసి జాగాను బిగించాలి. ఎస్టిమేట్‌లో ఆ పని ఉందో లేదో చూసుకోండి. చాలాచోట్ల దాన్ని రాయరు, ఆపరేషన్ తర్వాత దాని లోటు బయటపడుతుంది.

కండరం కిందికి మార్చడం

ఇప్పుడు ఇంప్లాంట్ గ్రంథి కింద ఉండి, ముడతలు పైభాగంలో, రెండు రొమ్ముల మధ్య కనిపిస్తుంటే దాన్ని ఛాతీ కండరం కిందికి మార్చడం వల్ల అసలైన కప్పు దొరుకుతుంది. కండరం కప్పేది పైభాగాన్ని, లోపలివైపును. పక్కనా, అడుగునా దానికి అందవు. అక్కడి ముడతల కోసం కండరం కిందికి మారిస్తే సమస్య అక్కడే ఉంటుంది, పైగా చేతులు కదిపినప్పుడల్లా రొమ్ము కదలడం అదనంగా వస్తుంది. జిమ్‌లో బరువులెత్తేవాళ్లు, నాట్యం చేసేవాళ్లు ఈ ఒక్క కారణంగానే వెనకడుగు వేస్తారు, అది సబబే. కండరం పైపొర కింద పెడతాం అని కొందరంటారు. ఆ పొర చాలా పల్చన, ముడతల విషయంలో దానిమీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. జాగా మార్చినప్పుడు పాత జాగాను కుట్టి మూసేయాలి, లేకపోతే ఇంప్లాంట్ మళ్లీ అక్కడికే జారుతుంది.

లోపల షీటు కుట్టడం

ఏడీఎం అనేది కణాలన్నీ తీసేసి శుద్ధి చేసిన చర్మపు పలక. కొవ్వు దొరకని సన్నటివాళ్లకు, క్యాన్సర్ తర్వాత రొమ్ము తిరిగి కట్టించుకున్నవాళ్లకు దీన్ని లోపలి కప్పుగా కుడతారు. పలక ఖర్చే ఇంప్లాంట్ ఖర్చును మించిపోవచ్చు. నీరు చేరడం, ఇన్‌ఫెక్షన్ ఉండే అవకాశం కొంత పెరుగుతుంది, ఆ నీరు బయటికి పోయే డ్రెయిన్ గొట్టం ఎక్కువ రోజులు ఉంచాల్సి వస్తుంది. క్యాన్సర్ తర్వాతి ఆపరేషన్లలో కొన్ని బ్రాండ్లతో సమస్యలు ఎక్కువగా కనిపించాయని ఎఫ్‌డీఏ 2021 మార్చిలో హెచ్చరించింది. బ్రాండును బట్టి ఈ పలకను మనిషి చర్మం నుంచో, పంది నుంచో, ఆవు జాతి నుంచో తయారుచేస్తారు. మన ఇళ్లలో చాలామందికి ఇది పట్టింపే. సర్జన్లు తమంతట తాము చెప్పకపోవచ్చు కాబట్టి సంతకం పెట్టేముందే దేని నుంచి తయారైందో అడగండి.

తీసేయించుకోవడం

ఇంప్లాంట్ తీయించుకుంటే ఓడిపోయినట్టని ఎవరూ అనుకోనక్కర్లేదు. 50 దాటి, రొమ్ము జారి, ఇంకో పదేళ్లకు మళ్లీ మార్పిడి అన్న ఆలోచనే భారంగా ఉన్నవాళ్లు మొదట పరిశీలించాల్సింది ఇదేనని మా గట్టి అభిప్రాయం. చిరుగు స్కాన్ల బెడద ఆ రోజుతో తీరిపోతుంది. ఇంప్లాంట్ వల్ల వచ్చిన ముడతలకు ఇక తావుండదు. బదులుగా రొమ్ము చిన్నదవుతుంది, చర్మం వదులుగా మిగులుతుంది. ఆ వదులును రొమ్మును పైకెత్తి బిగించే లిఫ్ట్ ఆపరేషన్‌తో సరిచేస్తారు, పైభాగం లోటును కొంత కొవ్వుతో నింపుతారు.

గ్రంథి బాగా పల్చబడినవాళ్లకు, పొగతాగేవాళ్లకు, షుగరు అదుపులో లేనివాళ్లకు తీయడం, లిఫ్ట్ ఒకే రోజు చేస్తే చనుమొనకు రక్తం అందని ప్రమాదం ఉంది. ముందు ఇంప్లాంట్ తీసి, 3 నుంచి 6 నెలలు ఆగి లిఫ్ట్ చేయడం వాళ్లకు క్షేమం. ఆ కొన్ని నెలల్లో చర్మం తనంతట తానే ఎంత ముడుచుకుంటుందో చూసి, లిఫ్టే అక్కర్లేదనుకునేవాళ్లూ ఉంటారు.

ఇంప్లాంట్‌తోపాటు చుట్టూ ఉన్న పొరను కూడా మొత్తం ఒకే ముద్దగా తీయాలని ఇంటర్నెట్‌లో ప్రచారం ఎక్కువ. క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు అది తప్పనిసరి. పొర పల్చగా, మెత్తగా, మామూలుగా ఉంటే దాన్ని వదిలేయవచ్చు. దళసరిగా మారినా, సున్నం కట్టినా, జెల్ కారినా తీయాలి. పక్కటెముకలకు గట్టిగా అతుక్కున్న పొరను పట్టుబట్టి ఒలిస్తే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం ఉంది.

ఆపరేషనే వద్దనుకోవచ్చా? స్కాన్ బాగుండి, వంగినప్పుడు మాత్రమే ముడత కనిపిస్తూ, అది మిమ్మల్ని బాధించకపోతే నిరభ్యంతరంగా ఆగవచ్చు. పక్క నుంచి పైకి పట్టే బ్రా, కాస్త బరువు పెరగడం కొందరికి సరిపోతాయి. క్రీములు, మసాజ్ యంత్రాల వల్ల ఇంప్లాంట్ మడత పోదు. ముఖానికి వాడే ఫిల్లర్ జెల్‌ను రొమ్ములో ఎక్కిస్తామనే చోటు నుంచి మాత్రం లేచి వచ్చేయండి. రొమ్ములో ఆ జెల్ గడ్డకడుతుంది, స్కాన్లలో క్యాన్సర్ గడ్డలను కనిపించకుండా చేస్తుంది.

చెన్నైలో చేయించుకునేవాళ్లకు

ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. లేదా డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ) డిగ్రీ ఉన్నవాళ్లకే చూపించండి. రిజిస్ట్రేషన్ నంబరును తమిళనాడు మెడికల్ కౌన్సిల్‌లో సరిచూసుకోవచ్చు. కాస్మెటాలజిస్ట్ అన్న బోర్డు ఈ ఆపరేషన్‌కు అర్హత కాదు. కొత్తగా పెట్టడం వేరు, పాతది సరిచేయడం వేరు. పాత ఇంప్లాంట్ల మరమ్మతులు చేసిన ఫొటోలు, వంగిన భంగిమలో తీసినవి చూపించమనండి. నిటారుగా నిలబడిన ఫొటోల్లో చాలామంది ముడతలు కనిపించవు.

అందం కోసం చేసే ఆపరేషన్‌కు ఆరోగ్య బీమా రాదు. క్యాన్సర్ తర్వాత తిరిగి కట్టిన రొమ్ముకైతే పాలసీలు వేరుగా చూస్తాయి, సర్జన్ ఉత్తరంతో ముందే అనుమతి అడగండి. మామూలు వైద్యానికి ఉండే జీఎస్టీ మినహాయింపు కూడా అందం కోసం చేసే ఆపరేషన్‌కు ఉండదు. చెప్పిన మొత్తంలో జీఎస్టీ, మత్తు డాక్టర్ ఫీజు, డ్రెయిన్ గొట్టాలు, పొరను ల్యాబుకు పంపే ఖర్చు, రెండో విడత కొవ్వు ఖర్చు కలిశాయో లేదో విడివిడిగా రాయించుకోండి. ఒప్పందపత్రం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పించుకున్నాకే సంతకం పెట్టండి.

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి వచ్చేవాళ్లు ఆపరేషన్ అయిన మర్నాడే రైలెక్కాలని చూస్తారు. లోపల రక్తం చేరడం ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే జరుగుతుంది. ఒకవైపు రొమ్ము హఠాత్తుగా పెద్దదై, గట్టిపడి, నొప్పి పెరిగితే గంటల్లో మళ్లీ ఆపరేషన్ గదికి వెళ్లాలి. డ్రెయిన్ తీసేదాకా, కనీసం నాలుగైదు రోజులు ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండండి. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి ఒకటి రెండు వారాల్లో వెళ్లవచ్చు. నిండు బిందె, గ్రైండర్ రాయి, చంటిబిడ్డను ఎత్తడం మాత్రం 4 నుంచి 6 వారాలు వేరేవాళ్లు చూసుకోవాలి. కొవ్వు తీసిన చోట బిగుతు వస్త్రం కూడా ఇంచుమించు అన్ని వారాలే వేసుకోవాలి. మే నెల చెన్నై ఉక్కలో దాని కింద చెమటపొక్కులు వస్తాయి, వర్షాలు వెనకబట్టాక జనవరి, ఫిబ్రవరిలో పెట్టుకుంటే ఒళ్లు తేలికగా ఉంటుంది. ఆస్పిరిన్, విటమిన్ ఇ, చేపనూనె మాత్రలు, ఆయుర్వేద మందులు ఏవి వాడుతున్నా ముందే చెప్పండి. గుండె కోసం ఇచ్చిన మందును మాత్రం ఆ డాక్టర్‌ను అడగకుండా ఆపకండి.

డిశ్చార్జి రోజున మూడు వస్తువులు చేతికి తీసుకోండి: కొత్త ఇంప్లాంట్ల సీరియల్ నంబరు స్టిక్కర్లు రెండు వైపులవీ, బయటికి తీసిన పాత ఇంప్లాంట్ల ఫొటో, పొరను పంపి ఉంటే ల్యాబు రసీదు. స్టిక్కర్లను ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి ఉంచండి. తర్వాత స్కాన్ తీసే డాక్టరైనా, కంపెనీ ఏదైనా రకాన్ని వెనక్కి తీసుకున్నా మొదట అడిగేది ఆ నంబర్లే.